రోజువారీ ఇంగ్లీష్, ఫ్రెంచ్ మాటలు నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్‌లో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. మార్కులు దండిగా వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత పారిస్‌లో ఒక బేకరీలో నిలబడి "రొట్టె ఒకటి ఇవ్వండి" అనడానికి నోరు పెగల్లేదు. ఇప్పుడు ఆదివారాలు మా అపార్ట్‌మెంట్‌లో కొందరికి ఇంగ్లీష్, ఫ్రెంచ్ రెండూ చెబుతున్నాను. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలే ఇవి.

ఫ్రెంచ్ మాటల్ని తెలుగు లిపిలోనే రాశాను. ముక్కుతో పలికే అచ్చు వచ్చిన చోట అరసున్న పెట్టాను. మనం రాయడం మానేసిన ఆ గుర్తుకి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది.

ఇంగ్లీషే సరిగ్గా రాదు. ఫ్రెంచ్ నేర్చుకోగలనా?

నేర్చుకోగలరు. కొన్ని చోట్ల ఇంగ్లీష్ మీద బాగా పట్టున్నవాళ్ళ కంటే మీకే సులువు.

వయసు సంగతి చూడండి. మనం "మా వాడికి పదేళ్ళు" అంటాం. ఇంగ్లీష్‌లో "హీ ఈజ్ టెన్", అంటే వాడే పది అయిపోతాడు. ఫ్రెంచ్‌లో "ఇల్ ఆ దిజాఁ". వాడికి పదేళ్ళు ఉన్నాయి అనే లెక్క. ఆకలి, దాహం, చలి, భయం కూడా అంతే. "నాకు ఆకలిగా ఉంది" అనడానికి "జే ఫేఁ", దాహమైతే "జే స్వాఫ్", చలి వేస్తే "జే ఫ్రువా". ఈ "జే" అంటే నాకు ఉంది అని. తలనొప్పి వస్తే "జే మాల్ ఆ లా తెత్". నాకు తలలో నొప్పి ఉంది, అంతే.

నచ్చడం ఇంకా బాగుంటుంది. "ఇది నాకు నచ్చింది" అన్నప్పుడు కర్త మనం కాదు, ఆ వస్తువు. ఇంగ్లీష్‌లో "ఐ లైక్ ఇట్" అనగానే అది తలకిందులవుతుంది. ఫ్రెంచ్‌లో "సా మె ప్లే". ఇది, నాకు, నచ్చుతుంది: మాటల వరుస కూడా మనదే. దూరాన ఉన్నవాళ్ళ మీద బెంగ పెట్టుకుంటే "తు మె మాఁక్" అంటారు. నువ్వు నాకు లోటుగా ఉన్నావు అని. ఇంగ్లీష్ మీదుగా వచ్చినవాళ్ళు ఈ వాక్యం దగ్గర నెల రోజులు తికమకపడతారు. మా క్లాసులో తెలుగు మీడియం చదివిన ఒకావిడ మొదటిసారి వినగానే "మనలాగే కదండీ" అంది.

అందుకే నా సలహా, ఫ్రెంచ్ మాటకి అర్థం ఇంగ్లీష్‌లో రాసుకోకండి. తెలుగులోనే రాసుకోండి.

రెండూ ఒకేసారి మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ ఒకే పూట కాదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నోటుబుక్కులు కూడా వేరుగా ఉంచుకోండి. రెండూ పక్కపక్కన రెండు నిలువు వరుసల్లో రాస్తే ఒకటి గుర్తొచ్చినప్పుడల్లా రెండోది అడ్డొస్తుంది.

ముందు ఏ మాటలు నేర్చుకోవాలి? జంతువులు, రంగులు, పళ్ళు?

పిల్లల పుస్తకాల వరుస అది. మీరు ఈ వారం జిరాఫీ గురించి ఎవరితోనైనా మాట్లాడారా? మీరు రోజూ చేసే పని ఒకటి తీసుకుని, అందులో చెయ్యి తగిలే ప్రతి దానికీ మాట వెతకండి. నేను కాఫీతో మొదలుపెడతాను.

నీళ్ళు "ఓ", పాలు "లే", పంచదార "సూక్ర్", కప్పు "తాస్", చెంచా "కుయ్యేర్". వస్తువుల పేర్లు ఇంతే చాలు. ఇప్పుడు చేతులు చేసే పని: పాలు పోస్తున్నాను అంటే "జె వెర్స్ లె లే". కలుపుతున్నాను అంటే "జె మెలాఁజ్". తాగుతున్నాను అంటే "జె బ్వా". వేడిగా ఉంది అంటే "సే షో". ఐదు నిమిషాల కాఫీలో ఐదు వస్తువులు, మూడు క్రియలు, ఒక వాక్యం వచ్చేశాయి. పైకి అంటూ చెయ్యాలి. ఇంట్లోవాళ్ళు మొదటి రెండు రోజులు నవ్వుతారు, తర్వాత అలవాటైపోతుంది.

ఇంగ్లీష్‌కీ ఇదే పద్ధతి. పదేళ్ళుగా ఇంగ్లీష్‌లో మీటింగులు నడుపుతున్న ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళని "పాలు పొంగిపోయాయి" అనేది ఇంగ్లీష్‌లో చెప్పమంటే తెల్లమొహం వేశారు. "ది మిల్క్ బాయిల్డ్ ఓవర్". డికాక్షన్ వడకట్టడం "స్ట్రెయిన్", సన్నటి సెగ మీద ఉంచడం "సిమ్మర్", పోపు చిటపటలాడితే "స్ప్లటర్". ఆఫీసు మాటలు ఆఫీసే నేర్పుతుంది. వంటింటి మాటలు మనం తెచ్చుకోవాల్సిందే.

"ఎంగిలి"కి మాత్రం రెండు భాషల్లోనూ వెతక్కండి. "ఎవరో తాగేసిన గ్లాసు" అని విడమరిచి చెప్పుకోవాల్సిందే.

వంకాయని ఇంగ్లీష్‌లో ఏమనాలి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

ఇక్కడ బ్రింజాల్, బ్రిటన్‌లో ఓబర్జీన్, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. బ్రిటన్ వాళ్ళది ఫ్రెంచ్ మాటే, "ఒబెర్జీన్". కొత్తిమీర కట్ట కూడా అంతే, బ్రిటన్‌లో కొరియాండర్, అమెరికాలో సిలాంట్రో, ఫ్రాన్స్‌లో "కొరియాఁద్ర్". మీవాళ్ళు ఏ దేశంలో ఉంటే ఆ ఊరి మార్కెట్ మాట నేర్చుకోండి, మిగతావి వినగానే తెలిస్తే చాలు.

మాటలు నేర్చుకుంటున్నాను, వారానికి మరిచిపోతున్నాను. ఏం చెయ్యాలి?

మరిచిపోవడం మామూలే. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపుల్ని బట్టీ పట్టి, ఎంతసేపట్లో ఎంత మరిచిపోతున్నాడో తన మీదే లెక్క కట్టాడు. మొదట్లోనే గబగబా జారిపోతాయి, తర్వాత జారడం నెమ్మదిస్తుంది. కాబట్టి మళ్ళీ చూసుకోవడం కూడా మొదట్లో తొందరగా, తర్వాత తర్వాత దూరం దూరంగా ఉండాలి.

నేను పాత శుభలేఖలు పారెయ్యను. గట్టి కాగితం, వెనక వైపు ఖాళీ. చిన్న ముక్కలుగా కత్తిరించి ఒక పక్క తెలుగు వాక్యం, ఇంకో పక్క ఫ్రెంచ్. మూడు మిఠాయి డబ్బాలు ఉంటాయి. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది ఆదివారం తీస్తాను. చెప్పగలిగిన ముక్క తర్వాతి డబ్బాలోకి పోతుంది, తప్పినది మొదటి డబ్బాకి వస్తుంది. బూజు పట్టిన మాట ఒకటి ఉంది నా దగ్గర, "పరాప్లుయీ", గొడుగు. ఆరు నెలలు మొదటి డబ్బా దాటలేదు. ఒకసారి వానలో తడిశాక దాటింది.

ముక్క మీద ఒంటి మాట రాయకండి. "గొడుగు" అని కాక "గొడుగు మరిచిపోయాను" అని రాయండి.

తెలుగుకీ ఫ్రెంచ్‌కీ కలిసే మాటలు ఉన్నాయా?

బోలెడు. తెలుగులోకి సంస్కృతం నుంచి వచ్చినవాటికి అక్కడ చుట్టాలున్నారు. దంతం అక్కడ "దాఁ", పాదం "పియే", నామం "నోఁ", జానువు "జెను", రాజు "ర్వా", రథం "రూ". ఈ రూ అంటే చక్రం. అంకెల్లో ద్వి "ద", త్రి "త్ర్వా", సప్త "సెత్", దశ "దిస్". "సెత్" రాసేటప్పుడు మధ్యలో పీ అక్షరం ఉంటుంది, పలకరు. సప్తలోని ప అక్కడ మూగగా కూర్చుందన్న మాట.

వీటిలో నాకు బాగా నచ్చింది తొమ్మిది. మనకి "నవ" అంటే తొమ్మిదీ, కొత్తదీ. ఫ్రెంచ్‌లో "నఫ్" అన్నా తొమ్మిదీ, కొత్తదీ! నవగ్రహాలు, నవవధువు గుర్తుంటే ఈ మాట జన్మలో మరిచిపోరు.

సముద్రం మీద తిరిగిన మాటలు వేరే ఉన్నాయి. అనాస పండు అక్కడ "అననా", బొత్తాం "బూతోఁ", సబ్బు "సావోఁ". చొక్కాని "షెమీజ్" అంటారు, మన కమీజుకి బంధువే. సూక్ర్ అయితే మన శర్కరే. అరబ్బుల నోట సుక్కర్ అయి, యూరప్ చేరి అలా తేలింది.

ఇంగ్లీష్‌లో ఫ్రెంచ్ సరే సరి. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక కొన్ని వందల ఏళ్ళు పెద్దింటి భాష ఫ్రెంచే. గొర్రెని మేపినవాడు షీప్ అన్నాడు, వండించుకు తిన్నవాడు "మూతోఁ" అన్నాడు. మన ఆదివారం మటన్ అదే. ఇంగ్లీష్‌కి మనం ఇచ్చింది కూడా ఉందండోయ్. బాండికూట్ అనే మాట మన పందికొక్కే.

ఉచ్చారణ అస్సలు పట్టుబడటం లేదు.

మూడు చోట్ల కష్టం, రెండు చోట్ల సుఖం.

కష్టాల్లో మొదటిది, రాసినదంతా పలక్కపోవడం. మాట చివరి హల్లు చాలాసార్లు మూగ. పారిస్ అని రాసి "పారీ" అంటారు. ఇది మనకి కొత్తేం కాదు. పెళ్ళిలో బఫే, చేతిలో బొకే, రెండింటి చివరా టీ అక్షరం ఉంది, ఎప్పుడైనా పలికామా? హెచ్ కూడా మూగే, అందుకే హోటల్ అక్కడ "ఓతెల్".

రెండోది ఒక అచ్చు. నోటి లోపల ఈ అంటూ పెదాలు మాత్రం ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టాలి. అద్దం ముందు చెయ్యండి. ఇది రాకపోతే పైన, కింద తేడా పోతుంది, నిజంగానే. "దెస్యు" అంటే పైన, "దెసు" అంటే కింద. మూడోది ర. నాలుక కొన కాదు, నీళ్ళు పుక్కిలించేటప్పుడు గొంతులో కదిలే చోటుతో పలకాలి.

సుఖాల్లో మొదటిది ముక్కు పలుకు. "వస్తాం", "పుస్తకం" అని తొందరగా అనండి. చివర పెదాలు పూర్తిగా మూతపడవు, గాలి ముక్కులోకి పోతుంది. ఆ అలవాటుతో "బోఁజూర్" అంటే నమస్కారం, "పేఁ" అంటే రొట్టె, "బోఁ" అంటే మంచిది, ఇవన్నీ తేలికగా వస్తాయి.

రెండోది సంధి. వాడు, ఎక్కడ కలిస్తే వాడెక్కడ అయినట్టే, ఫ్రెంచ్‌లో "లె" పక్కన "ఆమి", అంటే స్నేహితుడు, వస్తే "లామి" అవుతుంది. ముందు అచ్చు పోతుంది, అంతే. స్నేహితులు అని బహువచనం చేస్తే "లే ఆమి" కాస్తా "లెజామి" అవుతుంది. ఇంగ్లీష్ వాళ్ళకి దీన్ని ఒక పాఠంగా చెబుతారు. మనం ఏడో క్లాసులో తిట్టుకుంటూ నేర్చుకున్నదే.

ఇంగ్లీష్‌లో జూ, జీరో దగ్గర ఇబ్బంది పడేవాళ్ళకి చిన్న కిటుకు: జనంలో జ వేరు, జడలో జ వేరు. జడలో జ పట్టుకుని, నాలుకని పళ్ళకి పూర్తిగా తగలనివ్వకండి. కావలసిన శబ్దం అదే.

బల్లకి ఆడా మగా ఏమిటండీ? ఎలా గుర్తుపెట్టుకోవాలి?

బల్ల ఆడది, పుస్తకం మగది, ఉప్పు మగది, టమాటా ఆడది. కారణం అడగకూడదు. సూర్యుడు వాళ్ళకీ మగవాడే, చంద్రుడు మాత్రం ఆడది. మనకి చందమామ, వాళ్ళకి చందమ్మ.

మగదైతే ముందు "లె", ఆడదైతే "లా" వస్తుంది. మాటని ఎప్పుడూ అది అతికించే నేర్చుకోండి. ఉప్పుకి ఉత్త సెల్ కాదు, "లె సెల్". బల్లకి ఉత్త తాబ్ల్ కాదు, "లా తాబ్ల్". "సియోఁ"తో ముగిసేవి దాదాపు అన్నీ ఆడవి, "ఆజ్"తో ముగిసేవి ఎక్కువ భాగం మగవి. తప్పు చెబితే ఎవరూ కొట్టరు, అర్థమవుతుంది.

"తు", "వు" ఎప్పుడెప్పుడు వాడాలి?

నువ్వు, మీరు. ఇంగ్లీష్ వాడికి దీనికి ఒక అధ్యాయం కావాలి, మనకి ఒక్క మాట చాలు. తేడా ఏమిటంటే అక్కడ అత్తమామల్ని కూడా తు అనే ఇళ్ళు చాలా ఉంటాయి, షాపులో పాతికేళ్ళ కుర్రాణ్ణి మాత్రం వు అనాలి. వయసు కంటే పరిచయమే లెక్క.

ఇంకోటి, షాపులో అడుగుపెట్టగానే "బోఁజూర్" అనాలి. బేకరీలో నా తప్పు అదే. పలకరింపు లేకుండా వేలితో చూపించి "దిస్ వన్" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, నిదానంగా "బోఁజూర్" అంది. నేను అనేదాకా రొట్టె కదల్లేదు. మన ఇంటికొచ్చినవాడు పలకరించకుండా నేరుగా ఫ్రిజ్ తెరిస్తే మనకి ఎలా ఉంటుందో అదే.

ఫ్రెంచ్ అంకెల్లో డెబ్బై దగ్గర ఆగిపోయాను.

అందరూ అక్కడే ఆగుతారు. డెబ్బై అంటే అరవై-పది, ఎనభై అంటే నాలుగు-ఇరవైలు, తొంభై అంటే నాలుగు-ఇరవైలు-పది. 99 చెప్పాలంటే "కాత్ర్ వేఁ దిజ్ నఫ్". బెల్జియం, స్విట్జర్లండ్ వాళ్ళు డెబ్బైకి "సెప్తాఁత్", తొంభైకి "నొనాఁత్" అనేసి హాయిగా ఉన్నారు. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబర్ రెండేసి అంకెలుగా చెబుతారు, కాబట్టి 75, 92 లాంటివి తప్పించుకోలేరు. మీకు తెలిసిన పది నంబర్లు తీసుకుని రోజూ ఒకటి జంటలుగా చదవండి.

చూడటానికి ఇంగ్లీష్ మాటే, అర్థం వేరు. అలాంటివి ఏవి?

"లిబ్రేరీ" అంటే పుస్తకాల షాపు, లైబ్రరీ కాదు. "లొకాసియోఁ" అంటే అద్దె. "మొనే" అంటే చిల్లర, డబ్బు కాదు. "రెస్తే" అంటే ఉండిపోవడం, విశ్రాంతి కాదు. "దెసెప్సియోఁ" అంటే నిరాశ, మోసం కాదు. "రెజేఁ" అంటే మామూలు ద్రాక్ష, కిస్‌మిస్ కాదు.

ఇక "ప్రెజెర్వాతిఫ్". అమ్మ పెట్టిన మామిడికాయ పచ్చడిని పక్కింటివాళ్ళకి రుచి చూపిస్తూ, ఇందులో ప్రిజర్వేటివ్స్ ఏమీ లేవు అని గొప్పగా ఫ్రెంచ్‌లో చెప్పాను. వాళ్ళు సీసా వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. ఆ మాటకి అక్కడ కండోమ్ అని అర్థం. నేను అనాల్సింది "కోఁసెర్వాతర్".

ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడబోతే రాదు. మాటలు తక్కువై కాదా?

మాటలు ఉన్నాయి. ఒక తెలుగు మాటకి ఇంగ్లీష్‌లో రెండు మూడు ఉన్న చోట మనం తడబడి ఆగుతున్నాం. మనకి "చూడు" ఒకటే. వాళ్ళకి కంటబడితే సీ, తల తిప్పి చూస్తే లుక్, కూర్చుని కాసేపు చూస్తే వాచ్. "విను"కి హియర్, లిజన్. అప్పు తీసుకుంటే బారో, ఇస్తే లెండ్. ఇక "ఎక్కు" ఉంది. బస్సు ఎక్కితే గెట్ ఆన్, కారు ఎక్కితే గెట్ ఇన్. నిలబడి నడవగలిగే బండి అయితే ఆన్ అని గుర్తుపెట్టుకోండి.

దీనికి తలకిందులుగా మన "వెయ్యి" ఉంది. తలుపు వెయ్యి, ఫ్యాన్ వెయ్యి, తాళం వెయ్యి, మందు వేసుకో. షట్, టర్న్ ఆన్, లాక్, టేక్. తెలుగు క్రియ ఒకటి పట్టుకుని దాని కింద ఎన్ని ఇంగ్లీష్ క్రియలు వేలాడుతున్నాయో రాసుకోండి. వెయ్యి, పెట్టు, తియ్యి, కట్టు. ఈ నాలుగూ చేసేసరికి మీ మాటలో తేడా మీకే తెలుస్తుంది.

"అవుట్ ఆఫ్ స్టేషన్", "కజిన్ బ్రదర్" అనడం తప్పా?

ఇక్కడ తప్పు కాదు, అందరికీ అర్థమవుతుంది. బయట దేశంలో మొదటిది విని ఏ స్టేషన్ అని అడుగుతారు. "ప్రిపోన్", అంటే అనుకున్నదానికంటే ముందుకు జరపడం, మన సృష్టే, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది. ఒక్క "ఐ హ్యావ్ ఎ డౌట్" మాత్రం జాగ్రత్త. మనం ప్రశ్న ఉందంటాం, వాళ్ళకి మీ మాట నమ్మడం లేదన్నట్టు వినబడుతుంది.

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాస్తే సరిపోతుందా?

పాయింట్లు లెక్కకట్టి పీఆర్‌కి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి డెల్ఫ్ పనికిరాదు. టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ, ఈ రెండు పరీక్షల్లో ఒకటి రాయాలి, ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది. డెల్ఫ్ సర్టిఫికెట్‌కి గడువు లేదు, అది వేరే అవసరాలకి. కెనడా వాళ్ళ కొలతలో, ఫ్రెంచ్‌లో వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింటిలోనూ ఏడో స్థాయి, ఇంగ్లీష్‌లో కనీసం ఐదో స్థాయి ఉంటే అదనంగా 50 పాయింట్లు ఇస్తున్నారు. ఈ నియమాలు మారుతుంటాయి, ఫీజు కట్టే ముందు ప్రభుత్వ సైట్‌లో చూసుకోండి. ఆరు వారాల్లో ఏడో స్థాయి అని ప్రకటనలిచ్చే కోచింగులకి మాత్రం డబ్బు పొయ్యకండి.

కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే రాష్ట్రం క్యుబెక్ వెళ్ళేవాళ్ళకి ఒక చిక్కు. ఫ్రాన్స్‌లో "దెజెనే" అంటే మధ్యాహ్న భోజనం, క్యుబెక్‌లో పొద్దుటి టిఫిన్. అక్కడ మధ్యాహ్నం "దీనే", రాత్రి "సూపే". ఎవరైనా దెజెనేకి పిలిస్తే ఎన్నింటికో అడిగి వెళ్ళండి.

యానాంలో ఇప్పటికీ ఫ్రెంచ్ మాట్లాడతారా?

వీధిలో వినబడేది తెలుగే. 1954లో ఫ్రెంచి పాలన పోయింది, 1962లో చట్టప్రకారం భారతదేశంలో కలిసింది. ఫ్రెంచ్ వినడానికే అయితే పుదుచ్చేరి వెళ్ళండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది, ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. అన్నట్టు, మూసారాంబాగ్ అనే పేరు నిజాం దగ్గర సేనాపతిగా చేసిన ఫ్రెంచివాడు రేమండ్ వల్లే వచ్చిందని చెబుతారు. మన నోట్లో మూస్యూ రేమోఁ, అంటే రేమండ్ గారు, అలా నలిగింది.

యాప్ ఒక్కటే వాడితే చాలా?

చెవికి, అలవాటుకి మంచిదే. నోటికి చాలదు.

అమ్మకి అరవై రెండు. కూతురి పురిటికి ఫ్రాన్స్ వెళ్తోంది. నెలలో ఏం నేర్పగలం?

ఇరవై మాటలు నేర్పండి, చాలు. బోఁజూర్, "మెర్సీ" అంటే థాంక్స్, "పార్దోఁ" అంటే క్షమించండి, "సిల్ వు ప్లే" అంటే దయచేసి. మందుల షాపుకి ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉంటుంది, దాన్ని "ఫార్మసీ" అనే అంటారు. పాప ఏడుస్తోంది అంటే "లె బెబే ప్లర్". శాకాహారి అయితే "సాఁ వియాఁద్" ఒక్కటే సరిపోదు, మాంసం లేదని చేప వేసి తెస్తారు. "ని వియాఁద్, ని ప్వాసోఁ" అనాలి, మాంసమూ వద్దు, చేపా వద్దు అని. గుడ్డు కూడా తినకపోతే "ని అఫ్" కలపండి. కూతురి ఇంటి అడ్రసు చీటీ మీద రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టండి.

మా పిన్ని ఇలాగే వెళ్ళింది. షుగరు ఉంది ఆవిడకి. "సాఁ సూక్ర్", పంచదార లేకుండా, అనేది నెల ముందు నుంచీ కాఫీ కలుపుతూ అనుకునేది. వెళ్ళిన మూడో రోజు ఒక కెఫేలో తనే అడిగింది. అక్కడ కాఫీలో పంచదార ఎలాగూ కలపరు, పక్కన పొట్లం పెడతారు. వెయిటర్ నవ్వి ఆ పొట్లం తీసుకుపోయాడు. ఈ సంగతి పిన్ని ఇప్పటికీ వారానికోసారి ఎవరో ఒకరికి చెబుతుంది.